ఇరవై ఎనిమిది నిమిషాల దూరం

ఆఫీసులో ఆమెను అందరూ నిమిషాలమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆమె కూడా చక్కగా పలుకుతుంది. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ, పెట్టినవాళ్ళకి బుర్ర ఉందని మాత్రం ఒప్పుకోవాలి. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న ఉద్యోగమల్లా ఊరంతా తిరిగి నిమిషాలు పోగుచేయడమే.

నగర రవాణా కార్యాలయం మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో, గోడంతా పరుచుకున్న పటం ఒకటుంది. ఊళ్ళో ఉన్న ఆస్పత్రులు, బడులు, గ్రంథాలయాలు, పోస్టాఫీసులు, మార్కెట్లు, పార్కులు అన్నీ అందులో చుక్కలు. మొత్తం మూడువందల నలభై. ఒక పేటలో గడప దాటిన మనిషి బస్సు పట్టుకుని ఆ చుక్క దగ్గరికి ఎంతసేపట్లో చేరగలడో కొలిచి, ఆ పేటకు రంగు వేయాలి. ముప్పై నిమిషాల్లోపైతే ఆకుపచ్చ, ముప్పావుగంటలోపైతే పసుపు, అదీ దాటితే ఎరుపు. ఎరుపు పడితే అక్కడికి కొత్త బస్సు వేస్తారు. ఆకుపచ్చ పడిన చోట ఒక బస్సు ఎక్కువైందనిపిస్తే తీసేస్తారు. చెప్పడానికి చిటికెలో అయిపోయింది కానీ, చేయడానికి ఆమెకు ఏడాదికి నాలుగు జతల చెప్పులు అరుగుతాయి.

ఎందుకంటే ఆ గదికి ఒక నియమం ఉంది. పటం మీద స్కేలు పెట్టి కొలవకూడదు, కంప్యూటర్ని అడగకూడదు. కొలతదారు స్వయంగా గడప దగ్గర గడియారం నొక్కి, నడిచి, స్టాపులో నిలబడి, బస్సెక్కి, దిగి, మళ్ళీ నడిచి, ఆస్పత్రైతే చీటీలిచ్చే కిటికీ ముందు, గ్రంథాలయమైతే పుస్తకాలిచ్చే బల్ల ముందు గడియారం ఆపాలి. మిగతా ఊళ్ళలో అంతా కంప్యూటర్ మీద వదిలేశారనీ, తాము మాత్రం కాళ్ళ మీద నిలబడ్డామనీ పెద్దసారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు.

ఇక ఆమె కాళ్ళ సంగతి. దాన్ని నడక అంటే నడకకే కోపం వస్తుంది. నెత్తిన ఎర్ర టోపీ, భుజాన సంచి, మెడలో నీలం తాడుకు వేలాడే గడియారం పెట్టుకుని ఆమె వీధిలోకి దిగిందంటే, ఎదురొచ్చేవాళ్ళు గోడకు అతుక్కుపోవాల్సిందే. ఆమె భర్త టైలరు, నిదానస్తుడు. "మా ఆవిడతో షికారుకెళ్ళడమంటే, ఆవిడ ముందు వెళ్ళి తిరిగొస్తుంటే నేను మధ్యలో పలకరించడం," అంటాడు. ఆమెకు అదేమీ వెక్కిరింపులా తోచదు. కాళ్ళు చురుగ్గా ఉన్నందుకు ఆమెకు లోలోపల బోలెడంత గర్వం. తను వేసిన ఆకుపచ్చలన్నీ పటం మీద మెరుస్తుంటే, ఊరంతా తన చేతుల మీదుగా దగ్గరైపోయినట్టు ఒళ్ళు పులకరించేది.

ఆమెను పెంచింది పెద్దమ్మ. ఊరికి ఉత్తరాన మిట్ట మీద ఉన్న పేటలో, రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ముప్పై ఏళ్ళు బట్టల కొట్టులో మీటర్లు కొలిచి అమ్మిన మనిషి, మాట కూడా కత్తెరతో కోసినట్టే ఉంటుంది. నాలుగు నెలల క్రితం ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు పెద్దాస్పత్రికి వెళ్ళి వ్యాయామం చేసి రావాలి, మానేస్తే కాలు శాశ్వతంగా బిగుసుకుపోతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అదృష్టంకొద్దీ మిట్ట మీదికి చిన్న బస్సొకటి వస్తుంది. పెద్దమ్మ ఇంటి మలుపులో ఎక్కితే ఆస్పత్రి గేటులో దింపుతుంది.

ఆ మంగళవారం ఆమె వెళ్ళేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కాచుకుని ఉంది.

"రా, రా, సమయానికొచ్చావు. ఇది చదువు," అంటూ ఒక కాగితం చేతిలో పెట్టింది. స్టాపు గోడకు అంటించిన నోటీసును ఏకంగా ఊడబెరికి తెచ్చింది. అంచులకు జిగురు ఇంకా ఆరలేదు.

మిట్ట మీది పేట నుంచి పెద్దాస్పత్రికి చిన్న బస్సు లేకుండానే ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేరవచ్చునని సర్వేలో తేలినందున, శుక్రవారం తుది ఉత్తర్వుపై సంతకం జరిగి, ఒకటో తేదీ నుంచి సదరు బస్సు నిలిపివేయబడును. ఇదీ దాని సారాంశం.

ఆ ఇరవై ఎనిమిది ఆమెదే. పోయిన నెలలో మెట్లు దిగి, కింది బస్సు ఎక్కి కొలిచి, గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం కూడా పెట్టింది. బస్సు తీసేయడానికి అది పనికొస్తుందని ఆమెకు తట్టనేలేదు.

"ఎవడే ఆ ఇరవై ఎనిమిది నిమిషాల మహానుభావుడు?" పెద్దమ్మ అందుకుంది. "ముప్పై ఏళ్ళు బట్ట కొలిచాను. ఒక్కరికి, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళకి అంగుళం తక్కువ కొలిచానా? వీడెవడో కుర్చీలో కూర్చుని నోటికొచ్చింది రాసేశాడు."

"కుర్చీలో కూర్చుని కాదు పెద్దమ్మా. నడిచే కొలుస్తారు," అంది ఆమె.

"నడిచా? రెండువందల పన్నెండు మెట్లే! కిందున్న స్టాపుకి నడిచి, బస్సెక్కి, ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేరాడంటే ఆ మెట్లు ఎంతసేపట్లో దిగినట్టు?"

"నాలుగు నిమిషాలు," అని నోరు జారింది ఆమె.

"నాలుగు నిమిషాల్లో అయితే వాడు దిగలేదే, పడ్డాడు!"

ఆమెకు టీ పొలమారింది. పెద్దమ్మ లేచి వీపు మీద తడుతూనే తిట్లు సాగించింది. పెద్దమ్మకు తెలిసినంతలో ఆమెది బస్సుల ఆఫీసులో రాతపని. ఎండలో తిరిగే ఉద్యోగమంటే ఒప్పుకోదని మొదట్లో అలా చెప్పింది, పదకొండేళ్ళయినా దిద్దలేదు.

"నీ ఆఫీసే కదటే. వాడెవడో కనుక్కుని నాకొకసారి చూపించు. ఏమీ అనను. కూర్చోబెట్టి, ఈ మోకాలు తీసి వాడికి తొడిగి, ఇప్పుడు దిగరా నాయనా అంటాను."

నేనే పెద్దమ్మా అనడానికి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ బిస్కెట్టు పెట్టుకుని మూసేసింది. పెద్దమ్మ కళ్ళలో తను దొంగ కొలతల మనిషిగా మిగలడమంటే ఆమెకు చచ్చేంత భయం. అదీగాక, మనసులో ఒక మూల పౌరుషం కూడా పొడుచుకొచ్చింది. కొలత తప్పెలా అవుతుంది? తను స్వయంగా కొలిచిందాయె!

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటి మలుపు దగ్గర ఎవరూ చూడకుండా గడియారం నొక్కింది. మెట్లు దిగడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చివరి మెట్టు మీద ఉండగా బస్సు స్టాపు నుంచి బయల్దేరిపోయింది. అయినా ఆగింది. ఆగడమే కాదు, నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఫుట్‌పాత్‌కు ఆనుకుని, ఆమె ముందు తలుపు తెరిచింది. ఆస్పత్రి కిటికీ ముందు గడియారం ఆపితే ఇరవై ఏడు! ఆనందంతో గంతేయబోయి, గాల్లో ఉండగానే ఆమెకు అనుమానం వచ్చింది. బస్సు వెనక్కి ఎందుకొచ్చింది?

గబగబా ఆస్పత్రి గేటు ముందున్న స్టాపుకు తిరిగొచ్చింది. ఆ బస్సు నడిపిన మీసాల డ్రైవరు ఇంకా అక్కడే టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, రోజూ ఇలాగే వెనక్కి వస్తావా?"

"అందరికీ ఎందుకొస్తామమ్మా, మీకైతే వస్తాం," అన్నాడతను, అదేదో తన మర్యాద అన్నట్టు. "ఎర్ర టోపీ కనబడితే టైముకి రావాలి, స్టాపులోనే ఆపాలి, ఫుట్‌పాత్‌కి ఆనించాలి. మా డిపోలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. మీరే రూట్లో ఉన్నారో పొద్దున్నే ఒకళ్ళకొకళ్ళం ఫోన్లు చేసుకుంటాం కూడానూ. మీరు మా మీద రిపోర్టు రాసే మనిషి కదా!"

"నేను మీ మీద ఒక్క ముక్క రాయనయ్యా! మరి మామూలు జనానికో?"

డ్రైవరు మీసం సవరించుకున్నాడు. "అబద్ధమెందుకు గానీ, రద్దీగా ఉంటే అసలు ఆపమమ్మా."

పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా ఆమె కొలుస్తున్న ఊళ్ళో బస్సులు వేళకొస్తాయి, వెనక్కొస్తాయి, మెట్లు జారుడుబల్లలా ఉంటాయి, రోడ్డు దాటడానికి మూడంగలు చాలు. ఆ ఊళ్ళో కాపురం ఉంటున్నది ఆమె ఒక్కతే. గేటు పక్క గట్టు మీద కూలబడి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామంటే ఆగదు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళు, ఈమెను ఏ వార్డులో చూపించాలో అన్నట్టు నిలబడి చూశారు. ఇంతగా పప్పులో కాలేసిన మనిషి ఇంకొకరుంటారా అనుకుంటే నవ్వు, శుక్రవారం అనుకుంటే ఏడుపు, రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

ఆ రోజే బుధవారం, పెద్దమ్మ ఆస్పత్రి రోజు. ఆమె రొప్పుతూ మిట్ట ఎక్కి, "ఇవాళ చిన్న బస్సొద్దు, అది లేకపోతే ఎలా ఉంటుందో చూద్దాం," అంది. టోపీ సంచిలో దాచింది, గడియారం పిడికిట్లో దాచింది, పెద్దమ్మ కంటి ఆపరేషన్ నాటి నల్లద్దాలు తీసి పెట్టుకుంది.

"ఏమిటే ఈ వేషం? బ్యాంకు దోచుకోడానికా?" అంది పెద్దమ్మ. అయినా హుషారుగా కర్ర అందుకుంది.

మెట్లంటే ఏమిటో ఆమెకు ఆ పూట తెలిసింది. గోడ పక్క పట్టుకునే కమ్మీ తొంభయ్యో మెట్టుతో సరి. నూట ముప్పయ్యో మెట్టు అంచు విరిగి ఉంది. ఎన్నోసార్లు ఎగిరి దాటినా వాటిని ఆమె ఏనాడూ చూడలేదు. పెద్దమ్మ నాలుగుచోట్ల ఆగింది. రెండుసార్లు ఊపిరి కోసం, ఒకసారి మోకాలి కోసం, ఒకసారి ప్లంబరు భార్యతో కబుర్ల కోసం. ఆమె కాళ్ళు మాత్రం అలవాటుకొద్దీ పది మెట్లు ముందుకు పోవడం, మళ్ళీ నాలిక్కరుచుకుని వెనక్కెక్కడం. కిందికి చేరేసరికి ముప్పై ఒక్క నిమిషాలు, ఆమె ఒక్కతే మూడొందల మెట్లు తొక్కింది.

స్టాపులో మొదట వచ్చిన బస్సు మీసాల డ్రైవరుదే. నల్లద్దాల మనిషిని గుర్తుపట్టక దుమ్ము రేపుకుంటూ దూసుకెళ్ళిపోయాడు.

"ఓరి మీసాలోడా!" అని కేకేసింది ఆమె, రోడ్డు మధ్యకు పరిగెత్తి.

"నీకు తెలిసినవాడేనటే?" పెద్దమ్మ మహా ముచ్చటపడింది.

రెండో బస్సు ముప్పై అడుగుల అవతల ఆగింది. పెద్దమ్మ పది అడుగులు వేసేలోపు కదిలిపోయింది. మూడోదానికి ఆమె చేతులు బార్లా చాపి అడ్డంగా నిలబడబోయి, అది కొలత కాదని గుర్తొచ్చి పక్కకు తప్పుకుంది. దేవుడి దయవల్ల అదే ఆగింది. ఎక్కడానికి ఇరవై నాలుగు నిమిషాలు, ప్రయాణం ఇరవై రెండు, దిగి రోడ్డు దాటి కిటికీ దాకా నడవడానికి పంతొమ్మిది. గంటా ముప్పయ్యారు నిమిషాలు. వ్యాయామం చేయించే నర్సు అప్పటికే పెద్దమ్మ వంతు ఇంకొకరికి ఇచ్చేసింది.

గురువారం ఆ నిమిషాలన్నీ రాసిన కాగితం పట్టుకుని పెద్దసారు ముందు నిలబడి, డ్రైవర్ల సంగతి, తన కాళ్ళ సంగతి, మెట్ల సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు, నియమాల పుస్తకమంటే మాత్రం ప్రాణం. అంతా విని తల పట్టుకున్నారు.

"నీ మాట నమ్ముతానమ్మా. కానీ నడిచింది మీ పెద్దమ్మ. కొలతదారు నడిస్తేనే కొలత. రేపు ఐదింటికి నేను సంతకం పెట్టాలి. నా ముందున్న కాగితం మీద ఇరవై ఎనిమిదే ఉంది, అదీ నీ సంతకంతో."

"అయితే ఆవిణ్ణి కొలతదారుగా పెట్టుకోండి సార్."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగి, పుస్తకం తీశారు. కొలతదారుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. గడియారం చూడ్డం రావాలి. తన కాళ్ళ మీద తాను నడవగలగాలి. పై వయసు ఎంతన్నది ఎక్కడా లేదు. పేజీ తిప్పి చూశారు, వెనక్కి తిప్పి చూశారు, వెలుగుకు ఎత్తి కూడా చూశారు.

"కర్ర ఉండొచ్చా సార్?"

"కర్ర ఉండకూడదని లేదు," అన్నారాయన నీరసంగా.

ఒక్కరోజు కొలతదారు కార్డు మెడలో పడేసరికి పెద్దమ్మకు పట్టపగ్గాల్లేవు. శుక్రవారం పొద్దున పేటంతా వినేలా "నేను డ్యూటీలో ఉన్నాను, పలకరించకండి," అని చెప్పుకుంటూ, పలకరించని వాళ్ళని కూడా ఆపి మరీ చెప్పుకుంటూ మెట్లు దిగింది. నియమం ప్రకారం ఆమె పది అడుగుల వెనక, నోరెత్తకుండా నడిచింది. ఒక బస్సు ఆపకుండా పోతే పెద్దమ్మ తిట్టలేదు, గడియారం చూసి దర్జాగా రాసుకుంది. గంటా నలభై ఒక్క నిమిషాలు! వ్యాయామం ముగించుకుని, నాలుగింటికల్లా ఇద్దరూ ఆఫీసు చేరారు. పటానికెదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ, సొంత ఇల్లు చూసుకున్నంత గొప్పగా గది నాలుగు మూలలూ చూసింది.

కొత్త కొలత ఎక్కాలంటే పాత కొలత రద్దు కావాలి. రద్దుకు కారణం పాత కొలతదారు రాయాలి, కింద కొత్త కొలతదారు చదివి సంతకం పెట్టాలి. పెద్దసారు ఆ కాగితం బల్ల మీద పెట్టారు. కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"సంతకం తప్పకుండా పెడతాను సారూ," అంది పెద్దమ్మ, కలం విప్పుతూ. "ముందు ఆ ఇరవై ఎనిమిది రాసినవాణ్ణి పిలవండి. మొహం చూసి పెడతాను."

పెద్దసారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు. టైము నాలుగున్నర. ఇక దాచడానికి ఎక్కడా చోటు లేదు.

"నేనే పెద్దమ్మా," అంది ఆమె.

"ఏమిటి నువ్వే?"

"ఆ ఇరవై ఎనిమిది. నాది రాతపని కాదు. పదకొండేళ్ళుగా ఊరంతా నడిచి కొలిచేది నేనే. మెట్లు నాలుగు నిమిషాల్లో దిగిందీ నేనే. నేను నడిచినట్టే అందరూ నడుస్తారనుకున్నాను. నీ బస్సు పోయేది నా వల్లే."

పెద్దమ్మ ఆమె మొహం చూసింది. తర్వాత మెల్లగా వంగి ఆమె కాళ్ళు చూసింది. ముందు చిన్న దగ్గులా వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత కర్ర కింద పడేసి మరీ నవ్వింది. "పడ్డాడన్నాను కదే! నీ మొహం మీదే అన్నాను కదే!" అంటూ నవ్వు. ఆమెకూ ఆగలేదు. పెద్దసారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి, తానూ నవ్వి, సగం నీళ్ళు ఫైలు మీద ఒలకబోశారు.

కళ్ళు తుడుచుకున్నాక పెద్దమ్మ గొంతు మారింది.

"వారం వారం వస్తావు. టీ గ్లాసు చల్లారకముందే లేస్తావు. పిల్లకి పనుందేమో అనుకునేదాన్ని. ఒక్కోసారి, నా మాటలు విసుగేమో, నేనే నీకు దూరమైపోయానేమో అనుకునేదాన్నే. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని, కారణం గడిలో, "కొలతదారు మరీ తొందరగా నడిచినందున" అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. పెద్దమ్మ రెండుసార్లు చదివి, కింద తన పేరు పొడవునా రాసింది. పెద్దసారు చిన్న బస్సు ఉత్తర్వును అడ్డంగా కొట్టేసి, మిట్ట మీది పేటకు ఎర్ర రంగు ఆయనే స్వయంగా వేశారు.

"మరి మిగతా పటం?" అన్నారాయన, ఆకుపచ్చని గోడ వైపు బిక్కుబిక్కుమంటూ చూసి.

"అంతా మళ్ళీ కొలవాలి సార్. ఒక్కటీ నిజం కాదు."

"ఈ కార్డు ఇవాళ్టితో సరేనా, ఇంకా పొడిగిస్తారా?" అని అడిగింది పెద్దమ్మ.

ఆ సాయంత్రం ఇద్దరూ చిన్న బస్సులో మిట్ట ఎక్కారు. పెద్దమ్మ టీ పెట్టింది. ఆమె తాగి, గ్లాసులు రెండూ కడిగి బోర్లించి, సంచి వైపు చూడకుండా తిరిగొచ్చి పెద్దమ్మ పక్కనే కూర్చుంది.